ఎలీసబెతు ఇంట్లో మూడు నెలలు



లూకా సువార్త మొదటి అధ్యాయంలో ఒక ప్రయాణం ఉంది. నజరేతులో ఉన్న మరియకు పెళ్లి నిశ్చయమైంది, ఇంకా కాపురానికి వెళ్లలేదు. ఈలోగా ఆమె గర్భవతి అయింది. ఆమె ఊళ్లో ఆగలేదు. త్వరత్వరగా బయలుదేరి యూదా కొండసీమలో ఉన్న బంధువు ఎలీసబెతు ఇంటికి వెళ్లింది. ఎలీసబెతు వయసు మళ్లిన మనిషి. ఆమె కూడా అప్పటికి ఆరో నెల కడుపుతో ఉంది. గుమ్మంలో నిలబడ్డ పిల్లను ఆ పెద్దావిడ నిలదీయలేదు. మీవాళ్లకు చెప్పే వచ్చావా అనలేదు. నోరారా దీవించి లోపలికి తీసుకుంది. మరియ ఆ ఇంట్లో ఇంచుమించు మూడు నెలలు ఉందని లూకా రాశాడు.

మన గుళ్లలో క్రిస్మస్ ప్రసంగాలు దేవదూత దగ్గర మొదలై పశువుల తొట్టి దగ్గరికి వెళ్తాయి. మధ్యలో ఉన్న ఆ మూడు నెలల గురించి చెప్పేవాళ్లు తక్కువ. నేను క్రైస్తవురాలిని. అనుకోకుండా కడుపు వచ్చిన స్త్రీకి సంఘం ఏం చేయాలో తెలియాలంటే ఆ ఇంటివైపే చూడాలని నమ్ముతాను. ఈ సాయం చరిత్రలో ఎక్కడ నిలబడిందో, ఎక్కడ ఘోరంగా తప్పిందో ఇవాళ మీతో పంచుకోవాలని వచ్చాను.

అనుకోని గర్భం అనగానే పెళ్లికాని ఆడపిల్లే మన మనసులో మెదులుతుంది. నిజానికి ఈ కష్టం చాలా ఇళ్లలో ఉంది. ఇద్దరు పిల్లల తర్వాత చాలనుకున్న ఇంట్లో మళ్లీ నెల తప్పిన కూలితల్లి ఉంది. తాగి కొట్టే భర్తను వదిలి పుట్టింటికి వచ్చిన వారానికి కడుపుతో ఉన్నానని తెలుసుకున్న కోడలు ఉంది. పెళ్లి చేసుకుంటానని మాటిచ్చి ఫోన్ నంబరు మార్చేసినవాడి కోసం ఎదురుచూస్తున్న హాస్టలు విద్యార్థిని ఉంది. ఇంటిమనిషి చేతిలోనే మోసపోయి, తనకేం జరిగిందో పేరు పెట్టి చెప్పలేని పదో తరగతి పిల్ల ఉంది. వీళ్లందరికీ మొదట కావలసింది నిజం చెప్పుకోవడానికి ఒక మనిషి. ఆ తర్వాత పడుకోవడానికి చోటు, రక్తపరీక్షకూ స్కానింగుకూ డబ్బు, ఆసుపత్రిలో తోడు. వార్డులో నర్సమ్మ వేసే మొదటి ప్రశ్న వెంట ఎవరొచ్చారనే. ఆ ప్రశ్నకు జవాబు లేక తల దించుకున్న పిల్లలకు, నేనొచ్చానమ్మా అనే గొంతు ఒకటి కావాలి.

మన దేశంలో ఆ గొంతు వినిపించినవాళ్లలో పండిత రమాబాయి ఒకరు. 1858లో పుట్టిన ఆమె సంస్కృత పాండిత్యానికి కలకత్తా పండితులు ముచ్చటపడి పండిత, సరస్వతి బిరుదులు ఇచ్చారు. పెళ్లయిన రెండేళ్లు తిరగకుండానే భర్త పోయాడు. చేతిలో పసిబిడ్డ మనోరమ. 1883లో ఇంగ్లండు వెళ్లి వాంటేజ్ అనే ఊళ్లో ఆంగ్లికన్ కన్యాస్త్రీల దగ్గర ఉంది. ఆ సిస్టర్లకు లండన్‌లోని ఫుల్‌హామ్‌లో ఒక శాఖ ఉండేది. లోకం చెడిపోయినవాళ్లని ముద్రవేసి తరిమిన స్త్రీలకు అక్కడ చోటిచ్చేవారు. రమాబాయి అక్కడికి వెళ్లి, ఆ స్త్రీలతో సిస్టర్లు ఎంత ఆదరంగా మసలుకుంటున్నారో కళ్లారా చూసింది. వీళ్ల మీద మీకింత దయ ఎందుకని ఒక సిస్టరును అడిగింది. ఆ సిస్టరు యోహాను సువార్త తెరిచి, బావి దగ్గర సమరయ స్త్రీతో యేసు మాట్లాడిన ఘట్టం చదివి వినిపించింది. తన మనసును తిప్పింది ఆ ఘట్టమేనని రమాబాయి తర్వాత తన సాక్ష్యంలో రాసుకుంది. పెద్ద పెద్ద శాస్త్రవాదాలు చేయగల పండితురాలిని కదిలించింది దిక్కులేని స్త్రీలకు చేసే ఆ చాకిరీ.

దీనితోపాటు మరో సంగతి కూడా చెప్పాలి. బాప్తిస్మం తీసుకున్న తర్వాత కూడా రమాబాయి ఆ సిస్టర్లు చెప్పిన ప్రతిదానికీ తలూపలేదు. ఏది నమ్మాలో తేల్చుకునే హక్కు తన మనస్సాక్షికి ఉందని ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి వాదించింది. ఆశ్రయమిచ్చారు కాబట్టి మనస్సాక్షిని అప్పగించాలా? అక్కర్లేదని ఆమె నిలబడి చూపించింది. ఆశ్రమాలు నడిపే మనం ఆ ఉత్తరాల కథ మరిచిపోకూడదు.

తిరిగొచ్చి 1889లో బొంబాయిలో శారదా సదన్ తెరిచింది. వితంతువుల కోసం, చదువు కోసం. నాలుగేళ్లకు మతమార్పిడి ఆరోపణలు రేగాయి. 1893లో రానడే, భండార్కర్ వంటి సంస్కర్తలు సలహా సంఘం నుంచి తప్పుకున్నారు. ఆ విమర్శను నేను కొట్టిపారేయను. ఆకలిగా ఉన్న మనిషి ముందు అన్నమూ మతమూ కలిపి పెట్టినప్పుడు అనుమానం రావడం సహజమే. తర్వాత పుణె దగ్గర కేడ్‌గావ్‌లో ముక్తి వెలిసింది. 1896 నాటి కరువులో, 1900 నాటి గుజరాత్ కరువులో వందలాది ఆడపిల్లలను ఆమె అక్కడికి చేర్చింది. అక్కడే కృపా సదన్ అనే మరో ఇల్లు, ఫుల్‌హామ్‌లో చూసినటువంటి స్త్రీల కోసం కట్టింది. ముక్తిలో నేత ఉంది, నూనె గానుగ ఉంది, పాడి ఉంది, అచ్చుయంత్రం ఉంది. వచ్చిన స్త్రీ అన్నం తిని కూర్చోకుండా చేతిపని నేర్చుకుని తన కాళ్ల మీద నిలబడాలని రమాబాయి పట్టుదల. గతం గురించి ఎవరూ ఎత్తిపొడవని చోట, పని తెలిసిన చేతులతో బతకడం. అంతకన్నా పెద్ద ఆదరణ నాకు తెలియదు.

ఈ పని క్రైస్తవులే మొదలుపెట్టారని చెప్పుకోవడం సరికాదు. రమాబాయి ఇంగ్లండు వెళ్లడానికి ఇరవై ఏళ్ల ముందే, 1863లో, పుణెలో జోతిబా, సావిత్రీబాయి ఫూలేలు తమ ఇంట్లో ఒక ప్రసూతి ఆశ్రయం పెట్టారు. పేరు బాలహత్యా ప్రతిబంధక గృహం. గర్భవతులైన వితంతువులు రహస్యంగా వచ్చి క్షేమంగా ప్రసవించి వెళ్లవచ్చు. కాశీబాయి అనే బ్రాహ్మణ వితంతువు పరువుకు భయపడి, పుట్టిన బిడ్డను చంపి ద్వీపాంతర శిక్షకు గురైంది. ఫూలే దంపతుల మనసు అక్కడ కదిలింది. ఆ ఇంట్లో పుట్టిన ఒక వితంతువు బిడ్డనే వాళ్లు పెంచుకున్నారు. అతనే యశ్వంత్. తర్వాత డాక్టరయ్యాడు.

1881లో సూరత్‌లో విజయలక్ష్మి అనే యువ వితంతువుకూ ఇలాంటి నేరానికే మరణశిక్ష పడి, తర్వాత తగ్గింది. పత్రికలు ఆడవాళ్ల నీతిని తూర్పారబడుతుంటే తారాబాయి శిందే అనే మరాఠీ వనిత కోపం పట్టలేక స్త్రీ పురుష తులన అనే చిన్న పుస్తకం రాసి 1882లో అచ్చువేసింది. ఆమె కోపం ఇప్పటికీ చల్లారదగ్గది కాదు. కోర్టులో నిలబడింది విజయలక్ష్మి ఒక్కతే. బిడ్డకు తండ్రైనవాడు ఆమె పక్కన లేడు.

ఇక నా గుండె బరువెక్కే చోటికి వస్తాను. ఐర్లండు. దాదాపు ప్రతి ఊళ్లోనూ చర్చి ఉన్న దేశం. పెళ్లికాని తల్లుల కోసం అక్కడ సంఘాలూ కన్యాస్త్రీలూ నడిపిన గృహాలు, ప్రభుత్వం డబ్బిచ్చిన గృహాలు చాలా ఉండేవి. 1922 నుంచి 1998 వరకు 18 సంస్థల్లో ఏం జరిగిందో ఒక విచారణ సంఘం ఏళ్ల తరబడి పరిశీలించింది. దాని నివేదిక 2021 జనవరిలో వెలువడింది. సుమారు 56,000 మంది స్త్రీలు, 57,000 మంది పిల్లలు ఆ గోడల మధ్య గడిపారు. ఇంచుమించు 9,000 మంది పిల్లలు చనిపోయారు. అంటే ఏడుగురిలో ఒకరికన్నా ఎక్కువ. ట్యూమ్ అనే ఊళ్లో బాన్ సెకూర్ సిస్టర్లు 1925 నుంచి 1961 వరకు ఒక గృహం నడిపారు. ఆ ప్రాంతపు చరిత్ర మీద మక్కువతో పాత రికార్డులు తిరగేసిన కాథరిన్ కార్లెస్ అనే గృహిణికి అక్కడ చనిపోయిన 796 మంది పిల్లల పేర్లు దొరికాయి. వాళ్లను పూడ్చినట్టు మాత్రం రికార్డు దొరకలేదు. భూమి కింది అరల్లో పసివాళ్ల అవశేషాలున్నట్టు 2017లో తేలింది. 2025లో తవ్వకాలు మొదలయ్యాయి.

ఫిలోమినా లీ కథ సినిమాగా వచ్చింది కాబట్టి కొందరికి తెలిసే ఉంటుంది. 1952లో పద్దెనిమిదేళ్ల వయసులో కడుపుతో ఉండగా ఆమెను రోస్‌క్రేలోని కన్యాస్త్రీల మఠానికి పంపారు. అక్కడి చాకిరేవులో పనిచేస్తూ కొడుకును పెంచుకుంది. మూడేళ్ల వయసులో ఆ పిల్లవాణ్ని అమెరికా దంపతులకు దత్తతిచ్చేశారు. అతను పెద్దవాడై లాయరయ్యాడు, తల్లి కోసం మఠానికి వచ్చి వెతికాడు, వివరం దొరకలేదు. తల్లీ వెతికింది, ఆమెకూ దొరకలేదు. 1995లో అతను చనిపోయాడు. తల్లికి కనిపించాలని కోరి ఆ మఠం ఆవరణలోనే సమాధి చేయించుకున్నాడు. ఆమె చివరికి కొడుకును కలిసింది ఆ సమాధి దగ్గర.

ఇంత మంది భక్తులున్న చోట ఇది ఎలా జరిగింది? ఆ స్త్రీల పట్ల జరిగిన కాఠిన్యానికి ముఖ్య బాధ్యత బిడ్డల తండ్రులదీ, స్త్రీల సొంత కుటుంబాలదీ అని విచారణ సంఘం రాసింది. చర్చీ ప్రభుత్వమూ దానికి వత్తాసు పలికాయని కూడా రాసింది. బతికి బయటపడ్డ స్త్రీలలో చాలామంది బాధ్యతను ఇలా పంచడాన్ని ఒప్పుకోలేదు. తలుపులు వేసింది ఎవరని వాళ్లు అడిగారు. నాకు వాళ్ల ప్రశ్నే న్యాయంగా తోస్తుంది. ఇంటివాళ్లు గెంటేస్తే వచ్చిన పిల్లను ఆదరించడానికి ఉన్న ఇల్లు, ఆమెకు శిక్ష అనుభవించే చోటైపోయింది. ప్రాయశ్చిత్తం పేరుతో చాకిరీ చేయించారు. బిడ్డ పాపఫలమే అయినా మంచి ఇంట్లో పడితే బాగుపడుతుందని, తల్లి మాత్రం లెక్కలోకి రాదని అనుకున్నారు. అక్కడే సువార్త ఆ గోడల బయట ఉండిపోయింది.

ఐర్లండు దూరమని తేలిగ్గా ఊపిరి పీల్చుకోవద్దు. 1999లో, మళ్లీ 2001లో మన హైదరాబాదులోనే దత్తత పేరిట కుంభకోణాలు బయటపడ్డాయి. తండాల్లోని పేద లంబాడీ కుటుంబాల నుంచి ఆడశిశువులను కొద్దిపాటి డబ్బిచ్చి తెచ్చి విదేశాలకు దత్తతివ్వడానికి సిద్ధంచేసిన సంస్థల మీద కేసులు నడిచాయి. వాటిలో క్రైస్తవ పేరు పెట్టుకున్నవీ ఉన్నాయి. ఆ తర్వాతే పేదరికం కారణంగా బిడ్డను వదులుకునే పద్ధతిని రాష్ట్రప్రభుత్వం నిషేధించింది. ఐర్లండులోనూ ఇక్కడా జబ్బు ఒక్కటే. సాయం చేసేవాళ్ల కళ్లు బిడ్డ మీద పడ్డాయి, తల్లి మీద లేవు.

కాబట్టి ఏ సంఘమైనా ఈ సేవలోకి దిగేముందు ఒక సంగతి తేల్చుకోవాలి. మనం సాయం చేసేది ఎవరికి? ముందు ఆ స్త్రీకి. ఆమెను కాపాడుకుంటేనే బిడ్డను కాపాడినట్టు.

అలా ఆ స్త్రీ మాట వినడంతో మొదలైన ప్రయత్నాలూ ఉన్నాయి. 1968లో కెనడాలోని టొరంటోలో లూయీస్ సమ్మర్‌హిల్ అనే గృహిణి బర్త్‌రైట్ అనే సంస్థ మొదలుపెట్టింది. చిన్న గది, ఒక ఫోను, కొందరు స్వచ్ఛంద స్త్రీలు. ఫోను చేసిన మనిషి చెప్పేది వినడం, బట్టలు, వసతి, వైద్యం దొరికేలా చూడడం. తర్వాత ఇలాంటి కేంద్రాలు అమెరికాలో వేలకొద్దీ వెలిశాయి. వాటిలో ఎంతోమంది నిజాయితీగా పనిచేస్తున్నారు. కొన్నిచోట్ల గర్భస్రావం గురించి తప్పుడు వైద్యసమాచారం చెబుతున్నారన్న విమర్శా బలంగానే ఉంది.

ఈ విషయంలో నా విశ్వాసాన్ని దాచుకోను. కడుపులో పడ్డ ప్రాణం దేవుడిచ్చినదని నమ్ముతాను. కానీ తలుపు తట్టిన స్త్రీతో అబద్ధం చెప్పడానికి ఆ నమ్మకం నాకు అనుమతివ్వదు. వారాలు గడిచిపోయేలా రేపు మాపు అని తిప్పడానికీ అనుమతివ్వదు. మన దేశంలో గర్భస్రావం మీద 1971 నుంచి చట్టం ఉంది, 2021లో సవరించారు. చట్టంలో చెప్పిన కారణాల మీద 20 వారాల వరకు ఒక డాక్టరు, కొన్ని పరిస్థితుల్లో 24 వారాల వరకు ఇద్దరు డాక్టర్లు అభిప్రాయం చెప్పి గర్భస్రావం చేయవచ్చు. ఇందులో పెళ్లైనవాళ్లు, కానివాళ్లు అన్న తేడా చూపకూడదని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. 18 ఏళ్లు నిండిన స్త్రీకి తన సమ్మతి ఒక్కటే చాలు. ఈ మాటలు ఆమెకు తెలియాలి. తెలియకపోతే ఆమె వెళ్లేది మనం కోరుకున్న దారికి కాదు. చీటీ లేకుండా మాత్ర అమ్మే దుకాణానికి, గుట్టుగా పని ముగిస్తానని చెప్పే అర్హతలేని వైద్యుడి గదికి. అక్కడ తల్లులు చనిపోతారు.

గర్భవతి 18 నిండని పిల్లైతే ఆమెకు జరిగింది నేరం కిందికి వస్తుంది. తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలని, పిల్లల మీద లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం అంటుంది. సంఘం పరువు కోసం, పాస్టరుగారి మాట కోసం, రెండు కుటుంబాల మధ్య రాజీ కోసం దాన్ని కప్పిపెట్టడం ఆ పిల్లకు రెండోసారి చేసే ద్రోహం.

బిడ్డను కని, పెంచలేనన్న తల్లికి చట్టంలో గౌరవమైన దారి ఉంది. బాలల సంక్షేమ సమితి ముందు బిడ్డను అప్పగించవచ్చు. ముందుగా ఆమెతో మాట్లాడి ఆలోచించుకోనిస్తారు. అప్పగించాక కూడా మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువుంటుంది. పెళ్లికాని తల్లి అయితే సమితిలో ఒక్క సభ్యురాలి ముందు, వీలైనంతవరకు స్త్రీ ముందు, సంతకం చేస్తే చాలు. ఆమె వివరాలు రహస్యంగా ఉంచాలి. ఈ దారి పక్కన పెట్టి, పిల్లల్లేని మా బంధువులున్నారమ్మా అంటూ ఆసుపత్రి మెట్ల మీదే బిడ్డను చేతులు మార్చే మంచిమనుషులు మన సంఘాల్లో ఉన్నారు. ఉద్దేశం ఎంత మంచిదైనా అది నేరం, జైలుశిక్ష ఉంది. ఆ రెండు నెలల గడువు తల్లి హక్కు. ఫిలోమినాకు ఆ హక్కు దక్కలేదు.

పెంచుకుంటానన్న తల్లి సంగతి చెప్పాలి. 2015లో సుప్రీంకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. పెళ్లి చేసుకోకుండా ఒంటరిగా బిడ్డను పెంచుకుంటున్న తల్లి, తండ్రి పేరు బయటపెట్టకుండానే తనను సంరక్షకురాలిగా గుర్తించమని అడిగింది. కోర్టు ఆమె పక్షాన తీర్పిచ్చింది. అలాంటి తల్లి ప్రమాణపత్రం ఇస్తే జనన ధ్రువపత్రం ఇవ్వాలని ఆదేశించింది. ఆ తల్లి క్రైస్తవురాలు. దేశంలోని ఎందరో తల్లులకు మేలు చేసిన ఆ తీర్పు ఒక క్రైస్తవ తల్లి పోరాడి తెచ్చింది. అలాంటి ఆమె ఆదివారం బిడ్డనెత్తుకుని గుడికి వస్తే, ప్రతిష్ఠ ప్రార్థన చేయమని అడిగితే, తండ్రెవరని అడగకుండా బిడ్డను చేతుల్లోకి తీసుకునే కాపరులు మనకెంతమంది ఉన్నారు?

సంఘపెద్దలతో ఒక మాట సూటిగా అంటాను. పెళ్లికి ముందు గర్భవతి అయిన పిల్లను ప్రభుబల్లకు దూరం పెట్టడం, అందరి ముందూ నిలబెట్టి ఒప్పించడం ఇంకా కొన్ని సంఘాల్లో ఉంది. ఆమె కడుపు కనిపిస్తుంది కాబట్టి శిక్ష ఆమెకు పడుతుంది. అబ్బాయి వెనక వరసలో కూర్చుని పాటలు పాడుతుంటాడు. యోహాను ఎనిమిదో అధ్యాయంలో వ్యభిచారంలో పట్టుకున్నామని ఒక స్త్రీని ఈడ్చుకొచ్చిన పెద్దలు కూడా మగవాణ్ని తీసుకురాలేదు. యేసు వాళ్ల పక్షాన నిలబడలేదు.

బిడ్డ పుట్టగానే సేవ ముగిసిందనుకోవడం చాలా ఆశ్రమాల్లో పెద్ద లోపం. కాన్పుకు కేకు కోస్తారు, ఫోటోలు దిగుతారు. ఆరో నెలలో బిడ్డకు జ్వరం వస్తే ఆ తల్లి దగ్గర ఆటోకు డబ్బులుండవు. పనిలోకి వెళ్లాలంటే బిడ్డను చూసేవాళ్లుండరు. బాలింతకు పత్యం పెట్టే చేతులు కావాలి, తర్వాత పగటిపూట బిడ్డను చూసుకునే ముసలమ్మ కావాలి, ఆ తర్వాత కుట్టుపనో, నర్సింగు సహాయకురాలి శిక్షణో, డిగ్రీ పూర్తిచేసే ఫీజో కావాలి. రమాబాయి ముక్తిలో చేతిపనులు నేర్పించింది ఇందుకే.

ఇవన్నీ చేయడానికి పెద్ద భవనం కట్టనక్కర్లేదు, విదేశీ నిధులకు చేయి చాచనక్కర్లేదు. మీ సంఘంలో నోరు జారని ఇద్దరు ముగ్గురు పెద్దావిడలను ఎంచుకోండి. ఎవరికైనా ఈ కష్టం వస్తే వాళ్ల దగ్గరికి వెళ్లవచ్చని ప్రార్థన కూటంలో చెప్పండి. కానుకల్లో కొంత కాన్పులకూ మందులకూ విడిగా ఉంచండి. మీ జిల్లాలో స్త్రీలకు సాయం చేసే సఖి కేంద్రం, బాలల సంక్షేమ సమితి ఎక్కడున్నాయో ఈ వారమే కనుక్కోండి. స్త్రీల సహాయానికి 181, పిల్లల కోసం 1098 నంబర్లు గుడి గోడ మీద, ముఖ్యంగా ఆడవాళ్లు కూర్చునే వైపు, పెద్ద అక్షరాలతో రాయించండి. నా ప్రసంగం వింటున్న మీలో ఎవరైనా ఈ క్షణంలో ఆ కష్టంలో ఉంటే ఒంటరిగా ఏ నిర్ణయమూ తీసుకోవద్దు, ఎవరి ఒత్తిడికీ లొంగవద్దు. 181కి ఫోను చేయండి, పగలైనా రాత్రైనా పలుకుతారు.